సెప్టెంబరు నుంచి జులైకి: ఐర్లాండ్ హర్లింగ్ ఫైనల్ తేదీ వెనుక కథ

2025 జులై 20న డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో ఆల్ ఐర్లాండ్ హర్లింగ్ ఫైనల్ జరిగింది. హర్లింగ్ అంటే కర్రతో, బంతితో ఆడే ఐరిష్ ఆట. ప్రత్యర్థులు టిప్పరరీ, కార్క్ కౌంటీల జట్లు (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). విరామ సమయానికి కార్క్ ఆరు పాయింట్ల ముందుంది. రెండో సగంలో ఆ జట్టు రెండంటే రెండే పాయింట్లు చేసింది. టిప్పరరీ 3-27 స్కోరుతో గెలిచింది, కార్క్ 1-18 దగ్గర ఆగిపోయింది (ఈ స్కోరు లెక్క కాసేపట్లో చెబుతాను). 2005 తర్వాత ఒక్క టైటిలూ లేని కార్క్ అభిమానుల బాధ మాటల్లో చెప్పేది కాదు.

ఫైనల్ ముగిసిన ప్రతిసారీ అక్కడ ఇంకో వాదన కూడా మొదలవుతుంది. దేశంలోని అతి పెద్ద ఆటల పండుగ జులైలోనే అయిపోవడం ఏమిటని చాలామంది అడుగుతున్నారు. దశాబ్దాల పాటు హర్లింగ్ ఫైనల్ అంటే సెప్టెంబరు మొదట్లో వచ్చే ఆదివారం. బడులు తెరిచిన వారంలో పిల్లలు తమ కౌంటీ రంగుల చొక్కాలతో తిరిగేవారు. ఇప్పుడు ఆగస్టు వచ్చేసరికి కౌంటీ జట్ల హడావుడి అంతా ముగిసిపోతోంది. పాత తేదీని తిరిగి తేవాలనేది ఒక వర్గం మాట. అలా చేస్తే ఊళ్లలోని క్లబ్‌లు నలిగిపోతాయనేది రెండో వర్గం మాట. ఎవరి మాటలో ఎంత బలం ఉందో తెలియాలంటే ఈ ఫైనల్ పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. జట్టుకు 15 మంది. ఒక్కొక్కరి చేతిలో బూడిదరంగు బెరడుండే యాష్ చెట్టు కలపతో చేసిన హర్లీ ఉంటుంది. చూడటానికి హాకీ కర్రలాగే ఉన్నా దాని కొస వెడల్పుగా, చదునుగా ఉంటుంది. స్లిటర్ అనే చిన్న తోలు బంతిని నేల మీదా కొట్టవచ్చు, గాలిలోనూ కొట్టవచ్చు. చేత్తో పట్టవచ్చు, హర్లీ కొస మీద నిలబెట్టుకుని పరుగెత్తవచ్చు కూడా. గోల్ స్తంభాలు ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా ఉంటాయి. అడ్డకర్ర కింది నుంచి బంతి వెళితే గోల్, దానికి మూడు పాయింట్లు. పైనుంచి వెళితే ఒక పాయింటు. 3-27 అంటే మూడు గోల్స్, 27 పాయింట్లు, మొత్తం 36 అన్నమాట. ఆడేవారిలో ఒక్కరికీ జీతం లేదు. 82,000 మంది ముందు ఫైనల్ ఆడిన టీచరు సెలవులయ్యాక మళ్లీ తన తరగతి గదికే వెళతాడు.

ఈ ఆటను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను అక్కడ అందరూ జీఏఏ అంటారు. అది 1884 నవంబరు 1న థర్లెస్ పట్టణంలోని హేస్ హోటల్‌లో పుట్టింది. పిలుపునిచ్చినవాడు మైఖేల్ క్యూసాక్, తొలి అధ్యక్షుడు మారిస్ డేవిన్. అప్పటికి ఐర్లాండ్ బ్రిటిష్ పాలనలో ఉంది. పాలకుల ఆటలు దేశమంతటా పాకుతుంటే సొంత ఆటలు కనుమరుగయ్యేలా ఉన్నాయన్న ఆవేదన నుంచి పుట్టిన సంస్థ ఇది. కాథలిక్ ఆర్చ్‌బిషప్ థామస్ క్రోక్ దీనికి అండగా నిలిచాడు. క్రోక్ పార్క్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది.

తొలి ఛాంపియన్‌షిప్ 1887లో మొదలైంది. అందులో ఆడిన కౌంటీలు ఐదే. ఆ ఏడాది ఫైనల్ జరిగింది సెప్టెంబరులో కాదు, అసలు 1887లోనే కాదు. 1888 ఏప్రిల్ 1న, బర్ అనే చిన్న పట్టణంలోని ఒక పొలంలో జరిగింది. టిప్పరరీ తరఫున థర్లెస్ క్లబ్, గాల్వే తరఫున మీలిక్ క్లబ్ దిగాయి. ఒక్కో జట్టుకు 21 మంది. అప్పట్లో ఒక గోల్ ఎన్ని పాయింట్లకన్నా ఎక్కువే. టామీ హీలీ కొట్టిన గోల్‌తో థర్లెస్ గెలిచింది. కెప్టెన్ జిమ్ స్టేపుల్టన్.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే నేటి గొడవకు మూలం ఇక్కడే ఉంది. ఆ రోజు బరిలోకి దిగినవి కౌంటీలోని మేటి ఆటగాళ్లందరినీ ఏరి కూర్చిన జట్లు కావు. కౌంటీలో గెలిచిన క్లబ్బే కౌంటీ పేరు మీద ఆడింది. ఒకే ఊరు, చుట్టుపక్కల పల్లెలు, ఒకే పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) కుర్రాళ్లు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కౌంటీ ఛాంపియన్ క్లబ్బే జట్టును ఎంపిక చేసేది, పక్క క్లబ్‌ల నుంచి కొందరిని కలుపుకునేది. కౌంటీ జట్టు అనే ప్రత్యేక వ్యవస్థ, దానికో మేనేజరు, ఏడాది పొడవునా ట్రైనింగ్... ఇవన్నీ తర్వాత వచ్చి చేరినవే. జీఏఏకు పునాది క్లబ్. ఫైనల్ ఆ పునాది మీద కట్టిన పై అంతస్తు. తేదీ గురించి వాదించేవాళ్లు ఈ వరుసను మరచిపోకూడదని నా అభిప్రాయం.

తొలి దశాబ్దాల్లో క్యాలెండర్ అనేదే లేదనాలి. 1888 ఛాంపియన్‌షిప్ అసలు పూర్తి కాలేదు. నిధుల సేకరణ కోసం జీఏఏ సుమారు 50 మంది ఆటగాళ్లను అమెరికా పంపడంతో ఫైనల్ ఆగిపోయింది. 1901 ఫైనల్ 1903 ఆగస్టులో జరిగింది. ఆ టైటిల్‌ను గెలిచింది లండన్‌లో స్థిరపడిన ఐరిష్ వలసజీవుల జట్టు. వాళ్ల చేతిలో ఓడింది కార్క్. 1907 ఫైనల్‌లో కిల్కెన్నీ, కార్క్‌ను 3-12, 4-8తో ఒకే పాయింటు తేడాతో ఓడించింది. ఆ మ్యాచ్ డబ్లిన్‌లో కాదు, డంగార్వన్‌లో, అదీ మరుసటి ఏడాది జరిగింది. డబ్లిన్‌లో జోన్స్ రోడ్డు మైదానాన్ని 1913లో జీఏఏ కొని క్రోక్ పేరు పెట్టాకే ఫైనల్‌కు స్థిరమైన ఇల్లు దొరికింది. జట్టుకు 15 మంది అన్న నియమం కూడా అదే ఏడాది వచ్చింది.

తర్వాత స్వాతంత్ర్య యుద్ధం, అంతర్యుద్ధం. 1920 నవంబరు 21న క్రోక్ పార్క్‌లో జీఏఏ నడిపే మరో ఆట గేలిక్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపాయి. 14 మంది చనిపోయారు. వారిలో టిప్పరరీ ఆటగాడు మైఖేల్ హోగన్ కూడా ఉన్నాడు. స్టేడియంలో ఒక స్టాండ్‌కు ఆయన పేరే ఉంది. విజేత కెప్టెన్ కప్పు అందుకునేది అక్కడి నుంచే. ఆ కల్లోలంలో 1921 హర్లింగ్ ఫైనల్ 1923 మార్చి దాకా జరగలేదు. లిమరిక్ 8-5 స్కోరుతో డబ్లిన్‌ను ఓడించింది. హర్లింగ్ విజేతకు ఇచ్చే లియామ్ మెకార్తీ కప్పును మొదటిసారి అందుకున్న కెప్టెన్ లిమరిక్‌కు చెందిన బాబ్ మెకాంకీ. మెకార్తీ లండన్‌లో ఐరిష్ తల్లిదండ్రులకు పుట్టి, అక్కడి జీఏఏను నడిపిన మనిషి. పాతకాలపు ఐరిష్ పానపాత్ర ఆకారంలో చేయించిన ఆ కప్పు 1992 వరకు చేతులు మారి, ఇప్పుడు క్రోక్ పార్క్ మ్యూజియంలో ఉంది. ఇప్పుడు ఇచ్చేది దాని నకలు.

కాబట్టి సెప్టెంబరు ఆదివారం పుట్టుకతో వచ్చిన ఆచారం కాదు. దేశం కుదుటపడ్డాక, రైళ్లూ రేడియో చేతికొచ్చాక, ఇరవయ్యో శతాబ్దంలో స్థిరపడిన అలవాటు అది. అంతమాత్రాన దాన్ని తేలిగ్గా తీసేయలేం. జనం గుండెల్లో ఉన్న ఫైనల్స్ అన్నీ ఆ సెప్టెంబరులవే.

1939 సెప్టెంబరు 3నే తీసుకోండి. ఆ ఉదయమే బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. మధ్యాహ్నం క్రోక్ పార్క్‌లో కిల్కెన్నీ, కార్క్ ఆడుతుంటే ఉరుములు మెరుపులతో కుండపోత. చివరి క్షణాల్లో జిమ్మీ కెల్లీ కొట్టిన పాయింటుతో కిల్కెన్నీ 2-7, 3-3తో గెలిచింది. ఆ ఓటమి తర్వాత కార్క్ 1941 నుంచి 1944 వరకు వరసగా నాలుగు టైటిళ్లు ఎత్తింది. ఆ జట్టులోని జాక్ లించ్ తర్వాత ఐర్లాండ్ ప్రధాని అయ్యాడు. 1941 నుంచి 1946 దాకా హర్లింగ్‌లో ఐదు, గేలిక్ ఫుట్‌బాల్‌లో ఒకటి, వరసగా ఆరేళ్లు ఆరు విజేత పతకాలు ఆయనవి.

అదే జట్టులో క్రిస్టీ రింగ్ ఉన్నాడు. ఎనిమిది ఫైనల్స్ గెలిచిన రింగ్ పేరు చెబితే కార్క్‌లో ఇప్పటికీ గొంతు మారుతుంది. 1954లో కార్క్, వెక్స్‌ఫర్డ్ ఫైనల్‌కు 84,856 మంది వచ్చారు. హర్లింగ్ ఫైనల్‌కు అదే నేటికీ రికార్డు. రెండేళ్ల తర్వాత మళ్లీ అవే జట్లు. తొమ్మిదో పతకం కోసం రింగ్ కొట్టిన గట్టి షాట్‌ను వెక్స్‌ఫర్డ్ గోల్‌కీపర్ ఆర్ట్ ఫోలీ ఆపాడు, మ్యాచ్ వెక్స్‌ఫర్డ్ వశమైంది. ఆట ముగియగానే గెలిచిన వెక్స్‌ఫర్డ్ ఆటగాళ్లు ఓడిన రింగ్‌ను భుజాల మీద ఎత్తుకుని మైదానం దాటించారు. ప్రపంచ క్రీడల్లో ఇంతకన్నా గొప్ప మర్యాద నాకు తెలిసి లేదు.

ఆ కాలంలో పోటీ నియమం చాలా కఠినం: ఒక్కసారి ఓడితే ఆ ఏడాదికి ఇంటికే. అందువల్ల కౌంటీ జట్లకు మ్యాచ్‌లు తక్కువ, క్లబ్‌లకు ఖాళీ వారాలు ఎక్కువ. సెప్టెంబరు ఫైనల్, క్లబ్ ఆట పక్కపక్కనే సర్దుకోగలిగాయి. 1997లో ఆ నియమం సడలింది. మన్‌స్టర్, లెన్‌స్టర్ ప్రాంతీయ ఫైనల్స్‌లో ఓడిన జట్లకు ఇంకో అవకాశం ఇచ్చారు. దీన్ని అక్కడ దొడ్డిదారి అంటారు. మరుసటి ఏడాదే ఆఫలీ కౌంటీ ఆ దారిలో కప్పు కొట్టింది. అదీ మామూలుగా కాదు. క్లేర్‌తో సెమీఫైనల్ రీప్లేలో మూడు పాయింట్లు వెనకబడి ఉండగా, రెఫరీ పొరపాటున సమయం కాకముందే విజిల్ ఊదాడు. ఆఫలీ అభిమానులు క్రోక్ పార్క్ మైదానంలో బైఠాయించారు. మ్యాచ్ మళ్లీ థర్లెస్‌లో పెట్టారు, ఆఫలీ గెలిచింది, ఫైనల్లో కిల్కెన్నీని ఓడించింది.

రెండో అవకాశం మంచిదే. కానీ మ్యాచ్‌లు పెరిగాయి. మేనేజర్ల ఒత్తిడీ పెరిగింది. బ్రయన్ కోడీ నేతృత్వంలో కిల్కెన్నీ 2006 నుంచి 2009 దాకా వరసగా నాలుగు టైటిళ్లు గెలిచిన కాలానికి, ప్రతి కౌంటీ ప్రొఫెషనల్ జట్టు స్థాయిలో సిద్ధం కావాల్సి వచ్చింది. కిల్కెన్నీ ఆటగాడు హెన్రీ షెఫ్లిన్ పది పతకాలు కోడీ యుగానివే. 2018లో ప్రాంతీయ దశను లీగ్ పద్ధతికి మార్చడంతో కౌంటీ మ్యాచ్‌లు ఇంకా పెరిగాయి. 1973 తర్వాత లిమరిక్‌కు తొలి కప్పు వచ్చింది ఆ ఏడాదే. ఫైనల్ సెప్టెంబరు నుంచి ఆగస్టుకు మారిందీ అప్పుడే.

ఈ పెరుగుదలకు మూల్యం చెల్లించింది మామూలు క్లబ్ ఆటగాడు. అతని క్లబ్‌లో ఇద్దరు ముగ్గురు కౌంటీకి ఆడతారు. వాళ్లు ఖాళీ అయ్యేదాకా క్లబ్ ఛాంపియన్‌షిప్ ఆగాలి. వసంతంలో ఒక మ్యాచ్, తర్వాత ఎప్పుడో తెలియదు. పెళ్లి ముహూర్తం పెట్టుకోవాలన్నా, సెలవులకు టికెట్ బుక్ చేసుకోవాలన్నా టెన్షనే. ఈ కోపం నుంచే 2017లో క్లబ్ ప్లేయర్స్ అసోసియేషన్ పుట్టింది.

దారి చూపింది మాత్రం కొవిడ్. 2020లో లాక్‌డౌన్ సడలాక మొదట క్లబ్ మ్యాచ్‌లు, చలికాలంలో కౌంటీ మ్యాచ్‌లు పెట్టారు. ఆ డిసెంబరు 13న ఖాళీ క్రోక్ పార్క్‌లో లిమరిక్ 0-30, 0-19తో వాటర్‌ఫర్డ్‌ను ఓడించింది. లిమరిక్ వరసగా నాలుగు టైటిళ్ల పరుగు అక్కడే మొదలైంది. కానీ ఊళ్లలో గుర్తుండిపోయింది అంతకుముందు గడిచిన వేసవి. మొదటిసారి ప్రతి క్లబ్ తన ఆటగాళ్లందరితో, ముందే తెలిసిన తేదీల్లో, ఎండలో ఆడుకుంది. 2021లో జీఏఏ ప్రతినిధుల సభ (కాంగ్రెస్) ఏడాదిని రెండుగా విడదీయడానికి ఒప్పుకుంది: మొదటి సగం కౌంటీకి, రెండో సగం క్లబ్‌కు. క్లబ్ ప్లేయర్స్ అసోసియేషన్ తన పని అయిపోయిందని రద్దయింది. 2022 నుంచి ఫైనల్ జులైలో.

విమర్శకుల బాధ నిజమైనదే. ఆగస్టు నుంచి హర్లింగ్ టీవీలో పెద్దగా కనబడకపోతే, ఆ ఖాళీలోకి ఇంగ్లిష్ ఫుట్‌బాల్, రగ్బీ వచ్చి కూర్చుంటాయి. పిల్లల కళ్ల ముందు హీరోలు లేకపోతే కొత్తగా హర్లీ పట్టేవాళ్లు తగ్గుతారని వారి భయం. ఈ ఆట నిజంగా బలంగా ఉన్న కౌంటీలు కొన్నే కాబట్టి ఆ భయాన్ని కొట్టిపారేయలేం. అన్ని కాలాల టైటిళ్లు లెక్కేస్తే కిల్కెన్నీకి 36, కార్క్‌కు 30, 2025తో కలిపి టిప్పరరీకి 29. మిగతా కౌంటీలన్నిటికీ కలిపినా ఈ మూడింటి మొత్తంలో సగం కూడా రావు. 2024లో క్లేర్ ఎక్స్‌ట్రా టైమ్‌లో కార్క్‌ను ఒక్క పాయింటుతో దాటి కప్పు గెలిచింది. క్లేర్‌కు 1914 నుంచి అది ఐదో టైటిల్ మాత్రమే. ఇలాంటి కౌంటీల్లో ప్రతి కొత్త పిల్లవాడూ లెక్కలోకి వస్తాడు.

అయినా సెప్టెంబరుకు తిరిగి వెళ్లడం సరైన పని అనిపించదు. ఫైనల్‌ను రెండు మూడు వారాలు వెనక్కి జరిపి ఆగస్టు మొదట్లో పెడితే క్లబ్‌లకు పోయేది కొద్ది వారాలే, ఆటకు దక్కేది వేసవి మధ్యలో ఇంకొన్ని వారాల వెలుగు. అదే సెప్టెంబరంటే క్లబ్ ఛాంపియన్‌షిప్‌లు మళ్లీ అక్టోబరు, నవంబరు బురదలోకి వెళతాయి. కౌంటీ ఆటగాడి క్లబ్‌లో మిగతావాళ్లు మళ్లీ తేదీ తెలియక ఎదురుచూడాల్సి వస్తుంది. 1888లో బర్‌కు వెళ్లి తొలి ఫైనల్ ఆడింది అలాంటి క్లబ్ ఆటగాళ్లే. జీఏఏ ఈ క్యాలెండర్‌ను ఎప్పుడు మళ్లీ తెరిచినా, కౌంటీ జట్లకు ఎన్ని మ్యాచ్‌లు ఇవ్వాలన్నది ముందు తేల్చాలి. తేదీ సంగతి ఆ తర్వాత చూడాలి.