మేకపాల సబ్బు మధ్యలో ఆ బెల్లం రంగు మచ్చ ఎందుకొచ్చింది?

ఒక పాఠకురాలు తాను ఇంట్లో చేసిన మేకపాల సబ్బును కోసి ఫోటో పంపారు. అంచులు మీగడ రంగులో ఉన్నాయి. నడిమధ్యన మాత్రం బెల్లం రంగులో గుండ్రటి మచ్చ. "పాలను ముందురోజే ఫ్రీజర్‌లో గడ్డకట్టించాను. కాస్టిక్ సోడా కొంచెం కొంచెంగానే వేశాను. కలిపేటప్పుడు పాలు తెల్లగానే ఉన్నాయి. మరి ఎక్కడ మాడాయి?" అని అడిగారు. గరిటెను ఒకే దిక్కుకు తిప్పకపోవడం వల్లే అలా అయిందని ఆవిడకు ఎవరో చెప్పారట. గరిటె ఎటు తిప్పినా రసాయన చర్యకు తేడా ఉండదు. ఆ మచ్చ కథంతా వేడిదే.

నూనె, క్షారం (ఇక్కడ కాస్టిక్ సోడా) కలిస్తే సబ్బు, గ్లిజరిన్ వస్తాయని చాలామందికి తెలిసిందే కాబట్టి దాన్ని వదిలేసి నేరుగా వేడి దగ్గరికి వెళ్దాం.

కాస్టిక్ సోడా నీళ్లలో కరిగేటప్పుడు గ్రాముకు దాదాపు 265 కేలరీల వేడి పుడుతుంది. మంచు కరిగేటప్పుడు గ్రాముకు 80 కేలరీలు మింగేస్తుంది. ఈ 80 మనమంతా బడిలో బట్టీ పట్టిన ద్రవీభవన గుప్తోష్ణమే. మొదటిది కెమిస్ట్రీ పుస్తకంలో, రెండోది ఫిజిక్స్ పుస్తకంలో ఉండటంతో పిల్లలకు ఈ రెండిటికీ సంబంధం ఉందనే తోచదు. నన్నడిగితే రెండు పాఠాలూ ఒకే రోజు, ఒకే గిన్నెలో చెప్పాలి. ఒక గ్రాము సోడా పుట్టించే వేడిని మింగడానికి మూడు గ్రాముల పైచిలుకు మంచు కావాలి. గడ్డకట్టిన పాలు చేసే పని ఇదే.

లెక్క వేసి చూద్దాం. 300 గ్రాముల కొబ్బరినూనె, 700 గ్రాముల ఆలివ్ నూనె తీసుకున్నాం అనుకోండి. పూర్తిగా సబ్బుగా మారడానికి కొబ్బరినూనెకు గ్రాముకు సుమారు 0.183 గ్రాముల సోడా కావాలి, ఆలివ్ నూనెకు 0.135. రెండూ కలిపి 149 గ్రాములు. సోడా ఏమాత్రం మిగలకూడదని 5 శాతం తగ్గించి 142 గ్రాములే వేస్తాం. అది కరిగితే పుట్టే వేడి 37,600 కేలరీలు. పాలు 300 గ్రాములు, అందులో నీళ్లు 260 గ్రాముల దాకా ఉంటాయి. ఆ మంచు కరగడానికే 20,800 కేలరీలు పోతాయి. ఫ్రీజర్‌లోని మైనస్ 18 డిగ్రీల నుంచి సున్నాకు రావడానికి ఇంకో 2,700. మిగిలేది 14,000 చిల్లర. దాంతో ద్రావణం 40 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అదే పాలు గడ్డకట్టకుండా ఉంటే ఆ వేడి మొత్తం పాల మీదే పడి, చూస్తుండగానే 80 డిగ్రీలు దాటేస్తుంది. అంత వేడిలో, అంత క్షారంలో పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, విరిగిపోతుంది. పాలు ముందు పసుపు, తర్వాత నారింజ, ఆపైన గోధుమ రంగుకు తిరుగుతాయి. ప్రోటీన్ల నుంచి అమ్మోనియా కూడా వచ్చి ముక్కు అదురుతుంది.

గిన్నెలోకి వంగకుండా, కళ్లద్దాలు, గ్లోవ్స్ వేసుకుని ఇది చూడాలి. గిన్నె స్టీలుదే అయి ఉండాలి, అల్యూమినియం అయితే సోడా దాన్ని తినేస్తుంది. చెంచాడు సోడా చల్లగానే పాల ముక్కల మూలలు గుండ్రబడతాయి, అడుగున పల్చటి పాలు చేరతాయి. సగం సోడా పడేసరికి గరిటెకు ఏదో జిగటగా తగులుతుంది. చాలామంది అక్కడ పాలు విరిగాయని టెన్షన్ పడతారు. విరగలేదు. మేకపాలలో ఉన్న నాలుగు శాతం కొవ్వు, నూనె కలపకముందే సబ్బు కావడం మొదలుపెట్టింది, అంతే.

ఆ కొవ్వులో కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ అనే మూడు చిన్న ఆమ్లాలు ఉంటాయి. మూడు పేర్లలోనూ ఉన్నది మేకే, లాటిన్‌లో మేకను కాప్రా అంటారు. మేక వాసనలో వీటికి పెద్ద వాటా ఉంది. సోడాతో కలిసి లవణాలయ్యాక అవి ఆవిరి కాలేవు, కాబట్టి ముక్కుకు చేరవు. మేకపాల సబ్బుకు మేక వాసన రాకపోవడానికి కారణం ఇదే! మేకపాల పీహెచ్ చర్మానికి సరిపోతుంది కాబట్టి సబ్బు కూడా సరిపోతుందనే ప్రచారం మాత్రం తప్పు. ఏ పాలతో చేసినా సబ్బు పీహెచ్ 9, 10 దగ్గరే ఉంటుంది.

ఇక మచ్చ సంగతి. పాలు, సోడా కలిపేటప్పుడు పుట్టేది మొదటి వేడి. నూనె సబ్బుగా మారేటప్పుడు రెండో వేడి పుడుతుంది, అదీ అచ్చులో పోశాక, గంటల తరబడి. ఇప్పుడు దాన్ని మింగడానికి మంచు లేదు. అంచుల వేడి గాలిలోకి పోతుంది. మధ్యలో పుట్టిన వేడికి చుట్టూ ఉన్న సబ్బే దుప్పటి. అక్కడ సబ్బు జెల్లీలా పారదర్శకమై, పాల చక్కెర రంగు తిరుగుతుంది. పైగా ఆవిడ నీళ్లతో చేసే సబ్బుకు చుట్టినట్టే అచ్చుకు టవల్ చుట్టారు, ఉత్తరం చివర్లో రాశారు.

ఆ సబ్బు పాడైపోలేదండీ. నాలుగు నుంచి ఆరు వారాలు గాలికి ఆరనిచ్చి నిశ్చింతగా వాడుకోండి. ఈసారి పోసిన వెంటనే అచ్చును టవల్ లేకుండా ఒకరోజు ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా పెద్ద దిమ్మగా కాకుండా చిన్న చిన్న అచ్చుల్లో పోయండి.