వాతావరణ లెక్కల వెనుక యాభై ఏళ్ల తగవు

ఫలానా ఏడాదికల్లా బొగ్గు వాడకం ఇంత తగ్గాలి, కర్బన పన్ను ఇంత ఉండాలి అని నివేదికల్లో చదువుతుంటాం. ఈ అంకెలు చాలావరకు ఇంధనాన్నీ ఆర్థిక వ్యవస్థనూ వాతావరణాన్నీ కలిపి లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లవే. వాటిలో పేరున్నవి కొన్ని మొదట పుట్టింది వాతావరణం కోసం కాదు, చమురు కోసం.

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగేసరికి దిగుమతి దేశాలకు టెన్షన్ పట్టుకుంది. ఏ ఇంధనం ఎంత వాడితే ఖర్చు తగ్గుతుందో తేల్చడానికి, 1974లో ఏర్పడిన అంతర్జాతీయ ఇంధన సంస్థ ఆధ్వర్యంలో మార్కల్ అనే మోడల్ తయారైంది. ఆస్ట్రియాలోని లాక్సెన్‌బర్గ్‌లో ఉన్న ఐఐఏఎస్ఏ పరిశోధన సంస్థ మెసేజ్ మోడల్‌ను రూపొందించింది. ఆ సంస్థ 1981లో ఇలాంటి మోడళ్ల సాయంతో ప్రపంచ ఇంధన భవిష్యత్తుపై పెద్ద అధ్యయనం వెలువరించింది. మూడేళ్లకే బిల్ కీపిన్ అనే పరిశోధకుడు దాన్ని విప్పి చూసి, లోపల పోసిన ఊహలే ఫలితాలుగా బయటికొచ్చాయని తేల్చాడు. ఆ విమర్శ ఇప్పటికీ పాతబడలేదు.

అదే సంస్థలో 1970ల మధ్యలో కొంతకాలం పనిచేసిన ఆర్థికవేత్త విలియం నార్డ్‌హౌస్ 1992లో వాతావరణ నష్టాన్నీ దాన్ని తగ్గించే ఖర్చునూ పక్కపక్కన పెట్టి తూచే డైస్ మోడల్ తెచ్చాడు. 2018లో ఆయనకు నోబెల్ వచ్చింది. అసలు గొడవంతా ఈ తరహా మోడళ్లలోని డిస్కౌంట్ రేటు దగ్గర, అంటే రేపటి డబ్బుకు ఈరోజు విలువను ఏటా ఎంత శాతం తగ్గించాలనే దగ్గర. వందేళ్ల తర్వాత జరిగే 100 కోట్ల నష్టానికి ఈరోజు విలువెంత? ఏడాదికి 5 శాతం చొప్పున తగ్గించుకుంటూ వస్తే కోటి కూడా మిగలదు. 1.4 శాతమైతే దాదాపు 25 కోట్లు. 2006లో బ్రిటన్ ప్రభుత్వం కోసం నివేదిక రాసిన నికోలస్ స్టెర్న్ ఈ రెండో రేటుకు దగ్గరగా లెక్కవేసి, వెంటనే గట్టి చర్యలు కావాలన్నాడు. నార్డ్‌హౌస్ ఎక్కువ రేటు తీసుకుని, నెమ్మదిగా మొదలుపెట్టి తర్వాత జోరు పెంచితే చాలన్నాడు. నా మటుకు ఇది అర్థశాస్త్రం కన్నా నీతికి సంబంధించిన ప్రశ్న. పుట్టబోయేవాళ్ల కష్టానికి ఎంత విలువ కట్టాలో ఏ కంప్యూటరూ చెప్పదు.

ఆ రేటు ప్రభావం ఇంకోచోట కూడా కనిపిస్తుంది. రేపటి ఖర్చు చవగ్గా కనబడితే మోడల్ ఈరోజు పొగ వదలమంటుంది, తర్వాత గాలిలోంచి కర్బనాన్ని తీసేద్దామంటుంది. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2014 నివేదికలో, భూమి వేడి పెరుగుదలను 2 డిగ్రీల లోపు ఉంచే దారుల్లో (మోడళ్లు గీసిన భవిష్యత్ చిత్రాల్లో) ఎక్కువ భాగం ఇలాంటి తొలగింపుపైనే ఆధారపడ్డాయి. అప్పటికి ఆ టెక్నాలజీ పెద్ద ఎత్తున ఎక్కడా నడవలేదు! మరోవైపు సౌర విద్యుత్ ఇంత వేగంగా చవకవుతుందని చాలా మోడళ్లు ఊహించలేకపోయాయి.

ఇప్పుడు తగవు ఇంకో మలుపు తిరిగింది. 2022 నాటి ఐపీసీసీ నివేదిక కోసం 3,000కు పైగా దారులు సేకరించారు. వాటిలో కొన్ని వందలను పరిశీలించిన భారత పరిశోధకులు, 2050లోనూ సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా, దక్షిణాసియా ప్రజల తలసరి ఆదాయం ప్రపంచ సగటు కన్నా తక్కువే ఉంటుందని ఆ దారులు ముందే అనుకున్నాయని ఎత్తిచూపారు. ఖర్చు తగ్గించమని మాత్రమే అడిగితే మోడల్ ఎవరి వాటా ఎంతని చూడదు.