చెట్టు ఏ వైపు ఒరిగింది?

2023 మార్చి 24, శుక్రవారం. పంజాబ్‌లో పాకిస్తాన్ సరిహద్దుకు దగ్గరగా, ఫాజిల్కా జిల్లాలో బకైన్‌వాలా అనే ఊరు. నల్లటి మబ్బులోంచి ఏనుగు తొండంలాంటిది దిగి, పొలాల మీదుగా ఊళ్లోకి వచ్చింది. నిమిషాల్లోనే పదుల ఇళ్లు దెబ్బతిన్నాయి. పది మందికి పైగా గాయపడ్డారు. కిన్నో అనే కమలా జాతి పండ్ల తోటలు నేలకొరిగాయి. అదృష్టం కొద్దీ ఎవరి ప్రాణమూ పోలేదు.

అది టోర్నడో, అంటే మబ్బు నుంచి నేల దాకా దిగే సుడిగాలి. టోర్నడోల లోకంలో ఇది చిన్నదే. మన తుపాను వందల కిలోమీటర్ల వెడల్పుతో, రోజుల ముందే కబురు పెట్టి వస్తుంది. చిన్న టోర్నడో దారి మాత్రం కొన్ని పదుల మీటర్ల వెడల్పే. అందుకే ఒక ఇంటి కప్పు ఎగిరిపోతే, పక్క వీధిలో ఆరేసిన బట్టలు అలాగే ఉంటాయి.

ఇంతకీ ఆ సుడి ఎలా పుడుతుంది? దీపానికి వత్తి చేసేటప్పుడు దూదిని రెండు అరచేతుల మధ్య పెట్టి నలుపుతాం కదా. పై గాలి వేగంగా, కింది గాలి నెమ్మదిగా వీస్తుంటే మధ్యలోని గాలి కూడా ఆ వత్తిలాగే అడ్డంగా దొర్లుతుంది. ఉరుముల మబ్బులోకి ఎగదన్నే వేడి, తేమ గాలి దాన్ని నిలువుగా లేపుతుంది. పైకి సాగేకొద్దీ అది సన్నబడి, మరింత జోరుగా తిరుగుతుంది. పెద్ద టోర్నడోలు ఎక్కువగా ఇలాగే మొదలవుతాయి. చిన్నవాటిలో కొన్నింటికి నేల దగ్గర ఉన్న సుడినే మబ్బు పైకి లాగితే చాలు.

టోర్నడో లోపల గాలి వేగాన్ని పరికరంతో కొలిచే అవకాశం చాలా అరుదు. అది వెళ్లిపోయాక, కూలినవాటిని చూసి లెక్క కడతారు. జపాన్‌లో పుట్టిన శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా 1971లో ఇందుకో కొలమానం తయారుచేశారు. దాన్ని సవరించిన ఈఎఫ్ (ఎన్‌హాన్స్‌డ్ ఫుజిటా) స్కేలు 2007 నుంచి అమెరికాలో వాడుకలో ఉంది. ఇల్లు, పశువుల కొట్టం, కరెంటు స్తంభం, చెట్టు ఇలా 28 రకాల వాటికి జరిగిన నష్టాన్ని అందులో చూస్తారు. మొదటి రెండు మెట్లను, అంటే గంటకు సుమారు 105 నుంచి 177 కిలోమీటర్ల గాలిని, 'బలహీనం' అంటారు.

ఆ మాట నాకు మింగుడుపడదు. 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి 170 నుంచి 180 కిలోమీటర్లు. కొలిచే పద్ధతులు వేరైనా, ఆ రోజును చూసినవాళ్లు అలాంటి గాలిని బలహీనం అనగలరా? పైగా గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. తలుపులోంచి దూరిన గాలి కప్పును లోపలి నుంచి తంతుంది, పైన వీచే గాలి మీదికి లాగుతుంది. రేకుల మీద మనం పెట్టే నాలుగు రాళ్లు దానికి ఏ మూలకు? ఎగిరిన రేకే కత్తి అవుతుంది. గాయాలు ఎక్కువగా అవుతున్నది ఇలా ఎగిరే వాటివల్లే.

ఈ లెక్కలో నన్ను బాగా ఆకట్టుకునేది చెట్లు ఇచ్చే సాక్ష్యం. టోర్నడో గాలిని లోపలికి లాక్కుంటుంది కాబట్టి, దాని దారికి రెండు పక్కలా చెట్లు చాలాచోట్ల ఒకదానివైపు ఒకటి పడి ఉంటాయి. మబ్బు నుంచి గాలి ఒక్కసారిగా కిందికి కుమ్మరించినప్పుడు మాత్రం అవి నడిమి నుంచి బయటికి, పూరేకుల్లా విచ్చుకుని పడతాయి. ఈ రెండో ఆనవాలును పట్టుకున్నదీ ఫుజిటాయే. అణుబాంబు పడ్డాక నాగసాకి వెళ్లి, అక్కడ చెట్లు ఎటు ఒరిగాయో ఆయన యువకుడిగా ఉన్నప్పుడే చూశారు. మూడు దశాబ్దాల తర్వాత అమెరికాలో విమానంలోంచి గాలివాన నష్టాన్ని చూస్తుంటే ఆ ఆకారమే మళ్లీ కనిపించింది.

2024 ఆగస్టు 31 సాయంత్రం మన ములుగు జిల్లాలో, తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేల చెట్లు ఒక్కసారిగా కూలాయి. అది టోర్నడోనా, మబ్బు కుమ్మరించిన గాలా అని పెద్ద చర్చే నడిచింది. అలాంటి చోట కూలిన ప్రతి మానూ ఒక సాక్షి. దారి కోసం వాటిని కోసి పక్కకు లాగేస్తే సాక్ష్యం పోతుంది. రంపం పెట్టే ముందు మొదలు ఎటు, కొన ఎటు ఉన్నాయో తెలిసేలా, ఉత్తరం ఏ వైపో గుర్తుపెట్టుకుని ఒక ఫోన్ ఫోటో తీసినా చాలు.