అమ్మకముందే పన్ను: ఈసాప్‌ల వెనుక కథ

ఇన్ఫోసిస్ 1993లో పబ్లిక్ ఇష్యూకు వచ్చి, మరుసటి ఏడాదే ఉద్యోగులకు షేర్లిచ్చే పథకం (ఈసాప్) పెట్టింది. జీతాల్లో విదేశీ కంపెనీలతో పోటీ పడలేని మన సాఫ్ట్‌వేర్ సంస్థలకు మంచి ఇంజినీర్లను నిలుపుకోవడానికి అదొక దారి అయింది. హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ కూడా ఆప్షన్లు ఇచ్చింది. 1999లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వీటికి మార్గదర్శకాలు తెచ్చింది.

ఆప్షన్ అంటే షేరు కాదు, ముందే అనుకున్న ధరకు తర్వాత కొనుక్కునే హక్కు. ఆ హక్కు చేతికి రావడానికి కనీసం ఏడాది ఆగాలి. చాలా కంపెనీలు నాలుగేళ్లకు విడతలుగా ఇస్తాయి. మనిషిని కట్టి ఉంచేది ఆ ఆగడమే.

ఈ పద్ధతిలో ఉన్న ప్రమాదం 2009 జనవరి 7న తెలుగువాళ్లకు దగ్గరగా కనిపించింది. కంపెనీ లెక్కలు తప్పుడువని సత్యం ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాసిన రోజున, అంతకుముందు దాదాపు 179 రూపాయలున్న సత్యం షేరు 40 లోపుకు పడిపోయింది. జీతమిచ్చే సంస్థా, పొదుపు ఉన్న సంస్థా ఒకటే అయినవాళ్లకు రెండూ ఒకేసారి కదిలిపోయాయి.

అయితే నన్ను ఎక్కువగా బాధపెట్టేది పన్ను విషయం. 2000 తర్వాత కొన్నేళ్లపాటు, ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఇచ్చిన ఆప్షన్లకు షేరు అమ్మినప్పుడే పన్ను ఉండేది. అదే న్యాయమైన పద్ధతి. 2007లో వీటిని ఫ్రింజ్ బెనిఫిట్ ట్యాక్స్‌లోకి, అంటే ఉద్యోగులకిచ్చే అదనపు సౌకర్యాలపై కంపెనీ కట్టే పన్నులోకి తెచ్చారు. 2009లో ఆ పన్ను తీసేసి, షేరు తీసుకున్న రోజునే లాభాన్ని జీతంలో కలిపారు. 100 రూపాయలకు తీసుకున్న షేరు విలువ ఆరోజు 500 ఉంటే, 400 జీతం కింద లెక్క. 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లు సెస్ కాకుండా 120 రూపాయలు కట్టాలి. స్టాక్ మార్కెట్‌లో లిస్టు కాని స్టార్టప్‌లో ఆ షేరు కొనేవాళ్లు దొరకడమే కష్టం. పన్ను మాత్రం సొంత డబ్బులోంచి పోతుంది. తర్వాత విలువ పడిపోయినా ఆ పన్ను వెనక్కి రాదు.

2020 బడ్జెట్‌లో దీనికి వాయిదా ఇచ్చారు, సుమారు ఐదేళ్లు. కానీ ప్రభుత్వ ధ్రువీకరణ ఉన్న అర్హ స్టార్టప్‌ల ఉద్యోగులకే అది. షేర్లు అమ్మినా, ఉద్యోగం మానేసినా వాయిదా అక్కడితో ముగుస్తుంది. అంటే రాజీనామా చేసినవాళ్లు అమ్మలేని షేర్లకు అప్పుడే పన్ను కట్టాలి.