నామినేషన్ పోతే వీసా ఎందుకు పోతుంది? ఆస్ట్రేలియా ఎంప్లాయర్ స్పాన్సర్ వీసాలపై అపోహలు – వాస్తవాలు

"అన్నా, నా పేపర్లన్నీ కరెక్టే కదా, మరి నన్నెందుకు రిఫ్యూజ్ చేశారు?" మెల్‌బోర్న్‌లో మైగ్రేషన్ ఏజెంట్‌గా నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. ఐఈఎల్‌టీఎస్ స్కోర్ ఉంది, స్కిల్ అసెస్‌మెంట్ ఉంది, మెడికల్స్ అయ్యాయి, పోలీస్ క్లియరెన్స్ కూడా వచ్చింది. అయినా లెటర్‌లో మాత్రం "ఆమోదం పొందిన నామినేషన్ లేదు" అన్న ఒక్క కారణమే ఉంటుంది. నామినేషన్ అంటే ఈ పోస్టుకు ఈ మనిషి కావాలని కంపెనీ వేసే దరఖాస్తు. ఇది చదివి మనవాళ్ళు తమలోనే ఏదో లోపం ఉందనుకుని కుమిలిపోతుంటారు. ఆ బాధ చూసీ చూసీ ఇది రాస్తున్నాను.

అపోహ: నా అర్హతలు బాగుంటే వీసా ఆగదు.

వాస్తవం: తాత్కాలిక ఉద్యోగ వీసా 482 అయినా, పీఆర్ (శాశ్వత నివాసం) ఇచ్చే 186 అయినా, పెద్ద నగరాల బయటి ప్రాంతాలకిచ్చే రీజినల్ 494 అయినా, ఫైల్ ఒక్కటి కాదు. కంపెనీ వేసే నామినేషన్ ఒక ఫైల్, మీరు వేసే వీసా దరఖాస్తు ఇంకో ఫైల్. 482, 494లకైతే అంతకుముందే కంపెనీకి స్పాన్సర్‌గా ఆమోదం కూడా ఉండాలి. నామినేషన్‌లో చూసేది మిమ్మల్ని కాదు, ఉద్యోగాన్ని. ఆ పోస్టు నిజంగా అవసరమా, జీతం మార్కెట్ రేటుకు తగ్గట్టుందా, కంపెనీ ఆ జీతం ఇవ్వగలదా అన్నవి చూస్తారు. అక్కడ "కాదు" అంటే మీ ఫైల్ చూసే ఆఫీసర్‌కు వేరే దారి ఉండదు. చట్టం ప్రకారం ఆ వీసా ఇవ్వడానికి వీల్లేదు. మీరు పదేళ్ళ అనుభవం ఉన్న ఇంజనీరైనా సరే, నిన్న మొన్న వచ్చిన కుక్ అయినా సరే, లెటర్‌లో అదే వాక్యం వస్తుంది. మీతోపాటు దరఖాస్తులో ఉన్న భార్యాపిల్లల వీసాలు కూడా దానితోనే పోతాయి.

అపోహ: కంపెనీ చిన్నది కాబట్టే పోయింది, పెద్ద కంపెనీ అయితే గ్యారంటీ.

వాస్తవం: కంపెనీ సైజు కన్నా కాగితాలే ముఖ్యం. 482 నామినేషన్‌కు ముందు స్థానికంగా ఉద్యోగ ప్రకటనలు ఇవ్వాలి, అవి కనీసం 28 రోజులు నడవాలి. 27 రోజులకే తీసేస్తే, మినహాయింపు వర్తించని కేసుల్లో నామినేషన్ పోయినట్టే. ఏడాది జీతానికి కనీస పరిమితి ఉంది. 2024 జూలైలో అది 73,150 డాలర్లు, 2025 జూలై 1న 76,515 డాలర్లు అయింది. ఏటా జూలైలో పెరుగుతుంది కాబట్టి పాత అంకె పట్టుకుని కాంట్రాక్ట్ రాసుకుంటే దెబ్బ తింటారు. ఇక నేను ఎక్కువగా చూసేది పోస్టు నిజమైనదా కాదా అన్న పేచీ. ఐదుగురు పనిచేసే షాపులో ముగ్గురు మేనేజర్లు ఉన్నట్టు ఆర్గనైజేషన్ చార్ట్ పెడితే ఎవరు నమ్ముతారు? డ్యూటీల జాబితా గూగుల్ నుంచి దించి పెట్టినా ఆఫీసర్‌కు ఇట్టే తెలిసిపోతుంది. చిన్న కంపెనీ అయినా రోస్టర్లు, ట్యాక్స్ లెక్కలు, పని ఎందుకు పెరిగిందో చూపే ఆర్డర్లు పెడితే నామినేషన్ వచ్చిన కేసులు నా చేతుల మీదుగానే ఎన్నో వెళ్ళాయి.

అపోహ: నామినేషన్ పోతే నాకూ వెంటనే తెలుస్తుంది.

వాస్తవం: నామినేషన్ మీది కాదు, కాబట్టి ఆ నిర్ణయం వెళ్ళేది కంపెనీకి, లేదా కంపెనీ పెట్టుకున్న ఏజెంట్‌కు.

గుంటూరు నుంచి వచ్చిన ఒక చెఫ్, విక్టోరియాలో ఒక చిన్న ఊళ్ళో రెస్టారెంట్లో మూడేళ్ళకు పైగా పనిచేశాడు. ఓనర్ 186కి నామినేట్ చేశాడు. మధ్యలో 482 గడువు అయిపోయి, అతను బ్రిడ్జింగ్ వీసా ఏ (దరఖాస్తు తేలేదాకా ఉండనిచ్చే తాత్కాలిక వీసా) మీద ఉన్నాడు. పోస్టు కనీసం రెండేళ్ళు ఉంటుందని, జీతం ఇవ్వగలమని చూపించే ఆర్థిక లెక్కలు పంపమని ఇమిగ్రేషన్ డిపార్ట్‌మెంట్ అడిగింది. ఆ మెయిల్ ఓనర్ ఇన్‌బాక్స్‌లో అలాగే పడి ఉంది. నామినేషన్ రిఫ్యూజ్ అయింది. అదీ ఓనర్ చెప్పలేదు. ఇతను రోజూ వెళ్ళి అదే కిచెన్‌లో ఉల్లిపాయలు తరుగుతూనే ఉన్నాడు. చివరికి ఇతని ఇమ్మిఅకౌంట్ (డిపార్ట్‌మెంట్ ఆన్‌లైన్ ఖాతా)లోకి లెటర్ వచ్చింది: నామినేషన్ ఆమోదం పొందలేదు, 28 రోజుల్లో మీరు చెప్పుకునేది చెప్పండి, లేదా దరఖాస్తు వెనక్కి తీసుకోండి. భార్య ఆ లెటర్ ప్రింట్ తీసి, "28" అన్న అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి నా దగ్గరికి తెచ్చింది. అప్పటికి 19వ రోజు.

ఆ 28 రోజులు ఎంత విలువైనవో చెప్పడానికే ఈ కథ చెబుతున్నాను. అది రిఫ్యూజల్ లెటర్ కాదు, రిఫ్యూజల్‌కు ముందు ఇచ్చే అవకాశం. చాలామంది దాన్ని చూసి "ఇక అయిపోయింది" అని పక్కన పడేస్తారు, లేదా "నా అనుభవం చూసి దయచేసి ఇవ్వండి" అని పేజీలకు పేజీలు రాస్తారు. నామినేషన్ లేనప్పుడు ఆ ఉత్తరం వల్ల ఉపయోగం లేదు. ఆ రోజుల్లో చూసుకోవాల్సింది ఒక్కటే: రిఫ్యూజల్ పడనివ్వాలా, దానికి ముందే వెనక్కి తీసుకోవాలా?

అపోహ: ఇంకో కంపెనీ నామినేషన్ తెచ్చి అదే దరఖాస్తుకు తగిలిస్తే సరిపోతుంది.

వాస్తవం: 186కు అలా కుదరదు. దరఖాస్తు వేసినప్పుడు మీరు ఏ నామినేషన్ చూపించి డిక్లరేషన్ ఇచ్చారో అదే లెక్క. 2017లో ఫెడరల్ కోర్టు ఫుల్ కోర్టు (ఎక్కువమంది జడ్జిల బెంచ్) అప్పట్లో రీజినల్ పీఆర్ ఇచ్చిన 187 వీసా కేసులో ఇదే తేల్చింది. ఆఖరికి అదే కంపెనీ, అదే పోస్టుకు తప్పులు సరిదిద్ది కొత్త నామినేషన్ వేసినా, పాత దరఖాస్తును అది బతికించదు. కొత్త నామినేషన్, దానికి కొత్త వీసా దరఖాస్తు, మళ్ళీ కొత్త ఫీజు. కష్టంగానే ఉంటుంది, కానీ ముందే తెలిస్తే ఆ డబ్బు ట్రిబ్యునల్‌లో (వీసా నిర్ణయాలను మళ్ళీ పరిశీలించే చోట) పోయకుండా ఆపుకోవచ్చు.

అపోహ: రిఫ్యూజ్ అయితే ట్రిబ్యునల్ ఉంది కదా, అక్కడ చూసుకోవచ్చు.

వాస్తవం: 2024 అక్టోబర్ 14 నుంచి పాత ట్రిబ్యునల్ ఏఏటీ స్థానంలో అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ వచ్చింది. అది కేసును మొదటి నుంచి కొత్తగా చూస్తుంది, కొత్త కాగితాలు కూడా తీసుకుంటుంది. అది మంచిదే. కానీ నామినేషన్ రిఫ్యూజల్ మీద రివ్యూ వేయాల్సింది కంపెనీ. మీరు వేయలేరు. కంపెనీ వేయకపోతే, మీ 186 కేసును మీరు ఎంత బాగా నడిపినా ట్రిబ్యునల్ కూడా "ఆమోదం పొందిన నామినేషన్ లేదు" అనే చెప్పాలి. 482లో పరిస్థితి ఇంకా గట్టిది. మీరు రివ్యూ వేసే రోజుకు ఆమోదం పొందిన నామినేషన్ అయినా ఉండాలి, లేదా స్పాన్సర్‌షిప్ గానీ నామినేషన్ గానీ కాదన్నదాని మీద కంపెనీ వేసిన రివ్యూ పెండింగ్‌లో అయినా ఉండాలి. రెండూ లేకపోతే మీ కేసును ట్రిబ్యునల్ అసలు తీసుకోదు. అందుకే ముందు కంపెనీ రివ్యూ, తర్వాత మీది. రెండింటికీ నిర్ణయం అందాక ఎవరి 28 రోజులు వాళ్ళవి. ఒక్క రోజు దాటినా తలుపు మూసుకుంటుంది.

కంపెనీ మూతపడబోతోందని తెలిసీ, "మనకు రెండేళ్ళు టైమ్ దొరుకుతుంది కదా" అని కేసు వేయించే ఏజెంట్లు ఉన్నారు. ఆ రెండేళ్ళలో పిల్లలు ఇక్కడి స్కూల్లో ఇంకో రెండు క్లాసులు పైకి వెళ్తారు, వయసు 45 దాటితే 186, 494 లాంటి దారులు చాలావరకు మూసుకుపోతాయి. టైమ్ కోసమే కేసు వేయడం మీకు మేలు కాదని నేను మొహం మీదే చెబుతాను.

అపోహ: రిఫ్యూజ్ అంటే మూడేళ్ళ బ్యాన్.

వాస్తవం: కాదు. మూడేళ్ళ మాట తప్పుడు పత్రాలు, తప్పుడు సమాచారం ఇచ్చిన కేసులది. కేవలం నామినేషన్ లేక పోయిన వీసాకు అది వర్తించదు. అయితే మైగ్రేషన్ చట్టంలో సెక్షన్ 48 అనేది వేరే ఉంది. ఆస్ట్రేలియాలో ఉండగా రిఫ్యూజల్ పడి, చేతిలో బ్రిడ్జింగ్ వీసా తప్ప వేరే వీసా లేకపోతే, ఇక్కడినుంచి చాలా వీసాలకు దరఖాస్తు వేయలేరు. 2021 నవంబర్ 13 నుంచి స్కిల్డ్ వీసాలైన 190, 491లకు, రీజినల్ 494కు మినహాయింపు ఇచ్చారు. 482, 186 ఆ మినహాయింపులో లేవు. బయటికి వెళ్ళి రానిచ్చే బ్రిడ్జింగ్ వీసా బి మీద ఒకసారి ఇండియా వెళ్ళొస్తే ఇది పోతుందని కొందరు చెబుతారు, అది నిజం కాదు. మీ 482 ఇంకా నడుస్తుంటే మాత్రం అది ఉన్నంతకాలం ఈ అడ్డు మీకు తగలదు. రిఫ్యూజల్ పడకముందే వెనక్కి తీసుకుంటే సెక్షన్ 48 అసలు రాదు. అయితే వెనక్కి తీసుకున్నాక బ్రిడ్జింగ్ వీసా 35 రోజులే ఉంటుంది, కాబట్టి తర్వాతి అడుగు ముందే సిద్ధంగా ఉండాలి.

అపోహ: ఉద్యోగం పోయినా 180 రోజులు ఉండొచ్చు కాబట్టి టెన్షన్ లేదు.

వాస్తవం: 2024 జూలై 1న వచ్చిన ఆ 180 రోజులు, వీసా కాలం మొత్తం మీద 365 రోజులు, చేతిలో 482 లాంటి వీసా నడుస్తున్నవాళ్ళకు. బ్రిడ్జింగ్ వీసా మీద ఉన్నవాళ్ళకు ఆ లెక్క లేదు.

అపోహ: నామినేషన్ డబ్బులు నేనే కట్టాను, కాబట్టి రిఫ్యూజ్ అయితే ఓనర్ తిరిగి ఇవ్వాలి.

వాస్తవం: ముందు అది మీరు కట్టాల్సిన డబ్బే కాదు. నామినేషన్ ఫీజు 482కు 330 డాలర్లు. దానిపైన స్కిల్లింగ్ ఆస్ట్రేలియన్స్ ఫండ్ లెవీ (స్థానికుల శిక్షణ కోసం కట్టే రుసుము) ఉంటుంది: కోటి డాలర్ల లోపు టర్నోవర్ ఉన్న కంపెనీకి ఏడాదికి 1,200, అంతకు మించితే 1,800. ఇవి కంపెనీ భరించాలి, మీ జీతంలో కోసుకోవడానికి వీల్లేదు. స్పాన్సర్‌షిప్ ఇచ్చినందుకు డబ్బు తీసుకోవడం 2015 డిసెంబర్ నుంచి నేరం, ఇవ్వడానికి కూడా శిక్షలున్నాయి. విజయవాడలో పొలం అమ్మి ముప్పై లక్షలు ఇచ్చామని ఒక తండ్రి ఫోన్‌లో ఏడ్చినప్పుడు నాకు మాట రాలేదు. ఎవరైనా డబ్బు అడిగితే, ఇవ్వకముందే రిజిస్టర్డ్ ఏజెంట్‌తోనో, ఇమిగ్రేషన్ లాయర్‌తోనో మాట్లాడండి. ఏజెంట్ ఏడంకెల రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి, ఏజెంట్లను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ ఓఎంఏఆర్ఏ సైట్‌లో మీరే చూసుకోండి.

మన చెఫ్ సంగతి చెప్పాలి. పాత ఓనర్ రివ్యూ వేయనన్నాడు. దగ్గరి ఊళ్ళో ఇంకో రెస్టారెంట్ చెఫ్ కోసం ప్రకటన ఇచ్చి అప్పటికే నెల దాటింది, స్పాన్సర్‌గా ఆమోదం కూడా ఉంది. 25వ రోజు సాయంత్రం ఆ కంపెనీ నామినేషన్, దాంతోపాటు ఇతని కొత్త 482 దరఖాస్తు వేశాం. కొత్త బ్రిడ్జింగ్ వీసా లెటర్ వచ్చాక, 27వ రోజు పొద్దున్న పాత 186ను వెనక్కి తీసుకున్నాం. ఈసారి కంపెనీకి పంపిన ప్రతి కాగితం కాపీ అతను అడిగి తీసుకున్నాడు. నామినేషన్ నంబర్ రాసిన చీటీ వాళ్ళింట్లో ఫ్రిజ్ మీద అంటించి ఉంది.