తొట్టెలో మొక్కని చెరువులో వదిలెయ్యచ్చా?

బుజ్జులూ,

అక్వేరియంలో మొక్క తొట్టె నిండా పెరిగిపోయిందనీ, కత్తిరించి పారెయ్యడానికి మనసు రావట్లేదనీ, చెరువులో వదిలేస్తే హాయిగా బతుకుతుంది కదా అమ్మమ్మా అనీ రాసారు. ఒక మొక్క చచ్చిపోతుందని మీరు అంత బాధపడ్డం చూస్తే నాకెంత ముచ్చటేసిందో. కానీ వద్దమ్మా, చెరువులో మాత్రం వెయ్యొద్దు. ఎందుకో చెప్తాను, ఊరికే పెద్దవాళ్ళు వద్దన్నారని మానేస్తే మీకేం తెలుస్తుంది.

గుర్రపు డెక్క చూసారు కదా. దాని కాడ ఒకచోట బుడగలా ఉబ్బి ఉంటుంది, అక్కడ అడ్డంగా కోసి చూస్తే లోపలంతా స్పాంజిలాగా గాలి గదులే, అందుకే ఎన్నిసార్లు ముంచినా మళ్ళీ పైకొచ్చేస్తుంది. పువ్వేమో లేత ఊదా రంగు, పై రేకు మీద నెమలికన్నులాగా పసుపు మచ్చ. ఆ అందం చూసే జనం దాన్ని దక్షిణ అమెరికా నించి దేశదేశాల కొలనుల్లోకి మోసుకెళ్ళారు, ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అది పక్కకి ఒక కాడ చాపి చివర పిల్ల మొక్క పెడుతుంది, ఆ పిల్ల ఇంకో పిల్లని పెడుతుంది, అన్నీ కలిసొస్తే రెండు వారాల్లో రెట్టింపైపోతుంది. నీళ్ళ మీద చాప పరిచినట్టు కప్పేసాక కిందకి వెలుతురు పోదు, ఆక్సిజన్ తగ్గిపోయి చేపలు చస్తాయి, పడవ కదలదు. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సుకి 1980ల చివర్లో చేరి, 1990లకల్లా జాలర్లకి వల వేసే దారి లేకుండా చేసేసింది. వాళ్ళేమన్నా తెమ్మని అడిగారా ఆ మొక్కని? ముచ్చట ఒకళ్ళది, తిప్పలు ఇంకొకళ్ళవి, నాకు ఎప్పుడూ మింగుడుపడనిది ఇదే.

అలాగని మొక్కని తిట్టకండి. స్కూల్లో కిరణజన్య సంయోగక్రియ ప్రయోగానికి బీకర్లో పెడతారే హైడ్రిల్లా, అది మన ఆసియా చెరువుల్లో మామూలు మొక్క, ఇక్కడ దాన్ని తినేవి, దానితో పోటీ పడేవి అన్నీ ఉన్నాయి. అదే హైడ్రిల్లా 1950లలో అక్వేరియం వ్యాపారంలో ఫ్లోరిడా చేరి అక్కడి కాలవలు చాలావాటిని పూడ్చేసింది. మొక్క ఒకటే, చోటు మారింది అంతే. టమాటా, మిరప, బంగాళదుంప కూడా అమెరికా ఖండాల నించి వచ్చినవేగా, వాటితో మనకి మేలే జరిగింది, కాబట్టి బయటనించి వచ్చిందల్లా శత్రువు అనే మాట నేను ఒప్పుకోను.

మరి తప్పు జరిగితే సరిదిద్దుకోలేమా అంటారేమో. ఆస్ట్రేలియాకి 1788లో నాగజెముడు తెచ్చారు, దాని మీద బతికే పురుగు నించి సైనికుల కోట్లకి ఎర్ర రంగు తీద్దామని. ఆ తర్వాత తెచ్చిన రకాలు కూడా కలిసి 1920లకి సుమారు 2.4 కోట్ల హెక్టార్లు ఆక్రమించేసాయి, జనం పొలాలు వదిలేసి వెళ్ళిపోయారు. అప్పుడు అర్జెంటీనా నించి కాక్టోబ్లాస్టిస్ అనే చిమ్మెటని తెచ్చి 1926లో వదిలితే దాని పిల్లపురుగులు లోపల్నించి తొలిచేసి కొన్నేళ్ళలోనే చాలావరకు ఖాళీ చేసేసాయి, ఆ చిమ్మెట పేరుతో అక్కడి బూనార్గా అనే ఊళ్ళో 1936లో ఒక హాలే కట్టారు. ఇక్కడితో కథ అయిపోతే ఎంత బావుండేది! అదే చిమ్మెటని 1957లో కరీబియన్ దీవుల్లో వదిలారు, 1989కల్లా అది ఫ్లోరిడాలో కనిపించింది, ఇప్పుడు అక్కడ సొంతంగా పుట్టి పెరిగిన జెముళ్ళనే తినేస్తోంది. ఒకసారి వదిలినదాన్ని వెనక్కి పిలవలేం నాన్నా.

నిజంగా కష్టమైన ప్రశ్న ఇంకోటుంది. ఫ్లోరిడాలో అపలచికోలా నది ఒడ్డున టొరేయా అని ఒక చెట్టు, బూజు తెగులుతో దాదాపు అంతరించిపోయింది. 2008లో కొందరు వాలంటీర్లు దాని మొక్కల్ని చాలా ఉత్తరాన ఉన్న నార్త్ కరోలినా కొండల్లో నాటారు, అక్కడి చల్లదనంలోనైనా బతుకుతుందని. చూస్తూ చూస్తూ చావనిస్తామా అని వాళ్ళు, తెగులు కూడా దానితోపాటు కొత్త అడవికెళ్తే ఎవరు జవాబుదారీ అని శాస్త్రవేత్తల్లో కొందరు. నాకు ఇద్దరి మాటా న్యాయంగానే అనిపిస్తుంది. జబ్బు లేని విత్తనం నించి పెంచి, నాటినవాళ్ళే ఏళ్ళతరబడి దగ్గరుండి చూసుకుంటూ, తేడా వస్తే పీకెయ్యడానికి సిద్ధపడి, చుట్టూ ఉన్నవాళ్ళని ముందే అడిగి చేస్తే నేను సరే అంటాను. లేకపోతే వద్దంటాను, చెట్టు పోతుందని ఏడుస్తూనే వద్దంటాను.

మీ చెరువు సంగతికొస్తే, అది మీ ఒక్కళ్ళది కాదు, అందులో కప్పలున్నాయి, చేపలున్నాయి, ఆ నీళ్ళు వాడుకునేవాళ్ళున్నారు. తొట్టె మొక్కల్లో చాలావాటికి ఒక్క కణుపున్న ముక్క చాలు మళ్ళీ చిగురెయ్యడానికి. కాబట్టి కత్తిరించిన ముక్కలన్నీ ఏరి పేపర్ మీద పరిచి, చేత్తో నలిపితే పొడి అయ్యేదాకా ఎండలో ఎండబెట్టి, అప్పుడు కుండీ మట్టిలో కలపండి. తొట్టె కడిగిన నీళ్ళు కూడా కాలవలో కాకుండా అదే కుండీలో పొయ్యండి. కొంచెం మొక్క తొట్టెలో ఉంచుకోండి, అది మీది, దాన్ని బాగా చూసుకోండి.

మీ అమ్మమ్మ