పాలస్తీనాలో కమిషన్ల పాలన: 1917–1939

1917 నవంబరు 2న బ్రిటన్ విదేశాంగ మంత్రి బాల్ఫోర్ అక్కడి యూదు ప్రముఖుడు లార్డ్ రోత్‌షీల్డ్‌కు రాసిన ఉత్తరం చాలా చిన్నది. పాలస్తీనాలో యూదులకు 'జాతీయ నివాసం' ఏర్పడేందుకు బ్రిటన్ తోడ్పడుతుందన్నది దాని సారాంశం. అప్పటి జనాభాలో దాదాపు పదింట తొమ్మిది వంతులున్న అరబ్బుల పేరే అందులో లేదు. 'యూదేతర సమాజాలు' అన్న మాటలో వారిని కలిపేశారు. వారి పౌర, మత హక్కులకు భంగం కలగకూడదన్నారు గానీ రాజకీయ హక్కుల ఊసెత్తలేదు. అంతకు రెండేళ్ల ముందే, అప్పట్లో పాలస్తీనాను ఏలుతున్న టర్కీపై తిరగబడితే అరబ్బుల స్వాతంత్ర్యానికి అండగా ఉంటామని ఈజిప్టులోని బ్రిటిష్ హైకమిషనర్ మెక్‌మహన్ మక్కా షరీఫ్ హుస్సేన్‌కు రాశాడు. ఆ హామీలో పాలస్తీనా లేదని బ్రిటన్, ఉందని అరబ్బులు. మొత్తానికి ఒకే పొలానికి ఇద్దరి పేర పట్టా రాసినట్టయింది.

ఆ పొలాన్ని గెలిచిపెట్టిన సైన్యంలో మనవాళ్లూ ఉన్నారు. జోధ్‌పూర్, మైసూరు దళాలతో పాటు నిజాం సంస్థానపు హైదరాబాద్ లాన్సర్లు కూడా టర్కీపై పోరాడిన బ్రిటిష్ జనరల్ అలెన్‌బీ సేనలో పనిచేశారు.

1922లో నానాజాతి సమితి పాలస్తీనాను పాలించే అధికారాన్ని బ్రిటన్‌కు అప్పగించే పత్రాన్ని, అంటే మాండేట్‌ను, ఆమోదిస్తూ బాల్ఫోర్ హామీని అందులోనే చేర్చింది. ఇక పాలకులకు వెనక్కి తగ్గే దారి లేదు. ఆ ఏటి జనాభా లెక్కల్లో మొత్తం 7,57,182 మంది ఉంటే, యూదులు 83,794. అంతకు ముందు ఏడాదే జాఫాలో అల్లర్లు జరిగి రెండు వైపులా కలిపి 90 మందికి పైగా చనిపోయారు. విచారించిన హేక్రాఫ్ట్ కమిషన్, యూదుల వలసపై అరబ్బుల ఆగ్రహమే మూలమని తేల్చింది. నివేదికను చదివి పక్కన పెట్టే అలవాటు అప్పుడే మొదలైంది.

1928 సెప్టెంబరులో యూదుల పవిత్ర దినం యోమ్ కిప్పూర్ నాడు జరిగిన సంఘటన చూస్తే, ఎంత చిన్న విషయం ఎంత దూరం పోగలదో తెలుస్తుంది. యూదులకు పవిత్రమైన జెరూసలేం పశ్చిమ గోడ దగ్గర ప్రార్థనకు వచ్చిన స్త్రీలకూ పురుషులకూ మధ్య యూదులు ఒక గుడ్డ తెర నిలబెట్టారు. గోడ ముందున్న ఇరుకు బాట ముస్లింల వక్ఫ్ ఆస్తి. ఇవాళ తెర, రేపు కట్టడం అంటారని వారి భయం. ప్రార్థన జరుగుతుండగానే పోలీసులు ఆ తెరను లాగేశారు. యూదులకు అది అవమానం, ముస్లింలకు తమ అనుమానమే నిజమన్న రుజువు. మరుసటి ఏడాది ఆగస్టులో మంటలు లేచాయి. 133 మంది యూదులు, 116 మంది అరబ్బులు చనిపోయారు. చనిపోయిన అరబ్బుల్లో ఎక్కువ మంది పోలీసు, సైనిక కాల్పుల్లోనే పోయారు. తరతరాలుగా యూదులున్న హెబ్రాన్‌లో 60 మందికి పైగా హతమయ్యారు. అక్కడే కొందరు అరబ్బులు పొరుగు యూదులను తమ ఇళ్లలో దాచి కాపాడారు.

ఈ అల్లర్లను విచారించిన షా కమిషన్ మళ్లీ వలసలనూ భూమినీ వేలెత్తి చూపింది. బేరూత్‌లో ఉండే సుర్సోక్ కుటుంబం మర్జ్ ఇబ్న్ ఆమిర్ లోయలో పొలాలు అమ్మేస్తే, తరాలుగా దున్నుకుంటున్న కౌలు రైతులు వీధిన పడ్డారు. కొన్న భూముల్లో యూదు కూలీలే పనిచేయాలన్నది పాలస్తీనాలో యూదుల స్వదేశం కోరే జియోనిస్టు సంస్థల పట్టుదల. అమ్మకాలను బహిరంగంగా తిట్టిన అరబ్బు పెద్దల్లో కొందరు లోపాయికారీగా తామూ అమ్మారు. అరబ్బుల నాయకత్వం కోసం హుస్సేనీ, నషాషీబీ వంశాల పోరు సరేసరి. 1930లో పాస్‌ఫీల్డ్ శ్వేతపత్రం వలసలకు పగ్గం వేయబోయింది. జియోనిస్టు నాయకుడు వైజ్‌మన్ ఒత్తిడితో నాలుగు నెలల్లోనే బ్రిటన్ ప్రధాని మెక్‌డొనాల్డ్ ఒక లేఖ రాసి దాన్ని నీరుగార్చాడు. ఆ లేఖకు అరబ్బులు పెట్టిన పేరు 'నల్ల ఉత్తరం'.

హిట్లర్ వచ్చాక లెక్కలే మారిపోయాయి. 1935 ఒక్క ఏడాదిలోనే 60 వేల మందికి పైగా యూదులు వచ్చారు. వారికి వేరే దేశాల తలుపులు మూసుకుపోతున్నాయి, అరబ్బులకు సొంత దేశం చేజారుతోంది. ఇద్దరి భయమూ నిజమైనదే. 1936 ఏప్రిల్‌లో మొదలైన అరబ్బుల సమ్మె ఆరు నెలలు సాగి తిరుగుబాటుగా మారింది. 1937లో పీల్ కమిషన్ విభజనే దిక్కంది, మరుసటి ఏడాది ఉడ్‌హెడ్ కమిషన్ అది సాధ్యం కాదంది. ఈలోగా కలకత్తా పోలీసు కమిషనర్‌గా విప్లవకారులను వేటాడిన చార్లెస్ టెగార్ట్‌ను రప్పించి, అతని సలహా మీద దేశమంతటా పోలీసు కోటలు కట్టారు.

1939 మే శ్వేతపత్రం అయిదేళ్లలో 75 వేల మంది యూదులనే అనుమతిస్తామంది, పదేళ్లలో స్వతంత్ర రాజ్యమంది. యూదులు దాన్ని ద్రోహమన్నారు. పాలస్తీనా అరబ్బుల నాయక సంఘమైన అరబ్ హయ్యర్ కమిటీ కూడా తిరస్కరించింది. అది మాండేట్‌కు విరుద్ధమని నానాజాతి సమితి మాండేట్ల కమిషన్‌లో మెజారిటీ సభ్యులు అభిప్రాయపడ్డారు. విషయం కౌన్సిల్ ముందుకు వెళ్లేలోపే సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది.